కారవాన్ లాగే పికప్: ఘాట్ దిగేవారికి ఏ అమరిక మేలు

పికప్ కొని దాని వెనక కారవాన్ (బండి లాగుకుపోయే చక్రాల ఇల్లు) తగిలించాలనుకునేవారు అందరికంటే ముందు అడిగే ప్రశ్న, ఏ బండి ఎంత బరువు లాగుతుంది అని. రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో ఉండే మనకు ఆ ప్రశ్న సగమే పనికి వస్తుంది. కొరాపుట్ పీఠభూమి మీద ఉన్నవారు సముద్రం చూడాలన్నా, విజయనగరం, విశాఖపట్నం వైపు పోవాలన్నా ఎక్కడో ఒకచోట కొండ దిగక తప్పదు. 26వ నంబరు జాతీయ రహదారి మీద సిమిలిగుడ, పొట్టంగి, సుంకి దాటి సాలూరు చేరేసరికి సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతాం. మనుషులు, సామాను, పికప్, కారవాన్ అన్నీ కలిపి మూడున్నర టన్నులు ఉన్నాయనుకుంటే, ఆ ఎత్తు దిగేటప్పుడు వదిలించుకోవలసిన శక్తి దాదాపు 75 లీటర్ల చల్లని నీటిని మరిగించడానికి సరిపోయేంత ఉంటుంది. గాలి, టైర్ల రాపిడి, గేరులో ఉన్న ఇంజిను అందులో కొంత మింగుతాయి. మిగిలిన వేడి అంతా బ్రేకుల మీదే పడుతుంది. కాబట్టి ఇక్కడ చెప్పబోయే పోలికలన్నింటికీ ఒకే కొలబద్ద పెట్టుకున్నాను: ఎక్కేటప్పుడు ఎంత సులువుగా లాగుతుందన్నది కాదు, దిగేటప్పుడు ఎంత నిబ్బరంగా ఆగుతుందన్నది.

బండి కంటే ముందు కారవాన్ బరువు తేల్చుకోవాలి. అమ్మేవారు చెప్పేది ఖాళీ బరువు. నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు, బ్యాటరీ, పరుపులు, వంట సామాను చేరాక అది మూడు నాలుగు వందల కిలోలు పెరగడం మామూలే. నూరు లీటర్ల ట్యాంకు నింపితే నీరే నూరు కిలోలు. అందువల్ల ప్రయాణానికి సిద్ధం చేసిన కారవాన్‌ను కాటా మీదికి తీసుకువెళ్లి తూచడం తప్పనిసరి. ధాన్యం, కలప, ఖనిజం లారీలు తిరిగే మన జిల్లాల్లో ధర్మకాంటాలకు కొదవ లేదు, తూకానికి తీసుకునే రుసుమూ పెద్దది కాదు. తూచే పద్ధతి కొంచెం ఓపికగా పాటించాలి. ముందు పికప్ ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి చీటీ తీసుకోవాలి. తరువాత పికప్ నాలుగు చక్రాలూ కాటా మీద, కారవాన్ చక్రాలు బయట ఉండేలా నిలిపి రెండో చీటీ తీసుకోవాలి. ఆపైన మొత్తం జంటను ఎక్కించి మూడోది తీసుకోవాలి. చివరగా కారవాన్‌ను విప్పి పక్కన పెట్టి, ఒక్క పికప్‌నే ముందు చక్రాలతో ఒకసారి, నాలుగు చక్రాలతో ఒకసారి తూచాలి. ఈ చీటీల తేడాలను బట్టి హుక్కు మీద ఎంత బరువు దిగుతోందో, వెనక యాక్సిల్ ఎంత మోస్తోందో, ముందు చక్రాలు ఎంత తేలిపోయాయో అన్నీ తెలుస్తాయి.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చూద్దాం. నిండా సర్దిన కారవాన్ 1,500 కిలోలు ఉంటే, అందులో సుమారు పదో వంతు, అంటే 150 కిలోలు హుక్కు బాల్ (కారవాన్ ముక్కు కూర్చునే ఇనుప గుండు) మీద దిగాలి. బాల్ మాత్రం వెనక యాక్సిల్ మీద ఉండదు, దానికి మీటరుంపావు వెనకగా ఉంటుంది. మూడు మీటర్ల పైచిలుకు చక్రాల దూరం ఉన్న పికప్‌లో ఆ 150 కిలోలు వెనక యాక్సిల్ మీద దాదాపు 210 కిలోలుగా పడి, ముందు యాక్సిల్ మీద నుంచి 60 కిలోలను లేపేస్తాయి. స్టీరింగు పనీ, బ్రేకులో ఎక్కువ పాలూ ముందు చక్రాలవే కనుక, సుంకి ఘాట్‌లో వాన పడుతుండగా హెయిర్‌పిన్ మలుపు తిప్పేటప్పుడు ఆ 60 కిలోల లోటు చేతికి తెలుస్తుంది. ఇదికాక హుక్కు మీది బరువు పికప్ మోయగలిగిన బరువులో నుంచే పోతుంది. రిజిస్ట్రేషన్ కార్డులో ఉన్న మొత్తం బరువు పరిమితి నుంచి ఖాళీ బరువును తీసివేసి, అందులో నుంచి ఐదుగురు మనుషులను, డాలాలోని (పికప్ వెనక తొట్టిలోని) సామానును, పైకప్పు మీది క్యారియర్‌ను, ఈ 150 కిలోలను తీసివేస్తే మిగిలేది చాలామంది అనుకున్నదాని కంటే బాగా తక్కువగా ఉంటుంది. లాగే పరిమితి మిగిలి ఉండగానే మోసే పరిమితి అయిపోవడం డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లున్న) పికప్‌లలో తరచుగా జరిగే సంగతి.

ఇక బండ్ల విషయం. మన దేశంలో ఈ పనికి సహజంగా పరిశీలనలోకి వచ్చేవి టయోటా హైలక్స్, ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. హైలక్స్‌లో 2.8 లీటర్ల డీజిలు ఇంజిను ఉంది. దాని టార్క్ (ఇంజిను తిప్పే బలం) మాన్యువల్ గేరుతో 420, ఆటోమేటిక్‌తో 500 న్యూటన్ మీటర్లు. వీ-క్రాస్‌లో ఇప్పుడున్నది 1.9 లీటర్ల ఇంజిను, 360 న్యూటన్ మీటర్లు. ఆస్ట్రేలియాలో ఈ రెండు కుటుంబాల బండ్లకూ బ్రేకులున్న ట్రైలర్ అయితే 3,500 కిలోలు, బ్రేకులు లేని ట్రైలర్ అయితే 750 కిలోలు అని తయారీదారులు ప్రకటించారు. ఈ అంకెలు చూసి ఇక్కడి బండికీ అంతే అనుకోవడం పెద్ద పొరపాటు. అక్కడి బండికి అక్కడి హుక్కు, అక్కడి స్ప్రింగులు, అక్కడి చట్టం కింద ఇచ్చిన పరిమితి అది. మీ చేతిలో ఉన్న బండి యజమాని పుస్తకంలో ఏమి రాసి ఉందో అదే చెల్లుతుంది. అందులో లాగే పరిమితి రాసి లేకపోతే డీలరు చేత కంపెనీని అడిగించి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే ముందుకు పోవాలి. 750 కిలోల దగ్గర గీసిన ఆ గీత మాత్రం ఎక్కడివారైనా మనసులో పెట్టుకోదగినది: అంతటి బలమైన బండికి కూడా, తన బ్రేకులు తనకు లేని కారవాన్ అంతకు మించి ఉండకూడదని దాన్ని తయారుచేసినవారే అంటున్నారు.

ఈ రెండింటిలో ఏది తీసుకోవాలని అడిగితే, 1,500 కిలోల లోపు కారవాన్‌కు వీ-క్రాస్ సరిపోతుందనీ, హైలక్స్‌కు అదనంగా పెట్టే డబ్బులో ఒక భాగాన్ని కారవాన్ బ్రేకుల మీద పెడితే ఎక్కువ భద్రత దక్కుతుందనీ నా అభిప్రాయం. అంతకు మించిన కారవాన్‌తో పొట్టంగి ఘాట్ తరచుగా ఎక్కేవారికి హైలక్స్ ఆటోమేటిక్ ఇచ్చే సుఖం నిజమైనదే. మహీంద్రా బొలెరో క్యాంపర్, టాటా యోధ మన ఊళ్లలో విరివిగా కనిపిస్తాయి, వాటి మెకానిక్కులూ ప్రతి సెంటరులో ఉంటారు. సుమారు 200 న్యూటన్ మీటర్ల క్యాంపర్‌కు గానీ, 250 ఉన్న యోధకు గానీ డాలాలో టన్ను బరువు మోయడం కష్టం కాదు. అయితే డాలాలో ఉన్న బరువు బండితోపాటే తిరుగుతుంది. వెనక తగిలించిన బరువు బండిని తిప్పాలని చూస్తుంది. కూరగాయల లోడుతో రోజూ ఘాట్ దిగే బండి కదా అన్న ధైర్యంతో దానికి పెద్ద కారవాన్ తగిలించడం సరికాదు. తేలికపాటి టెంటు ట్రైలర్ వరకే వాటిని పరిమితం చేయడం మంచిది.

బ్రేకుల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. కారవాన్‌కు ఉండే బ్రేకులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది తోపుడు బ్రేకు: పికప్ నెమ్మదించినప్పుడు కారవాన్ ముందుకు తోసుకువస్తుంది, ఆ తోపుకు కప్లింగులోని (బాల్‌ను పట్టుకునే కారవాన్ ముక్కులోని) కడ్డీ లోపలికి జారి, తీగ ద్వారానో హైడ్రాలిక్ ద్వారానో కారవాన్ బ్రేకులను పట్టిస్తుంది. దీనికి పికప్‌లో ఏ పరికరమూ అక్కరలేదు, ఏ బండికైనా తగిలించుకోవచ్చు, ఖర్చు తక్కువ, మరమ్మతు సులువు. యూరప్‌లో 3,500 కిలోల వరకు ఇదే వాడతారు. ఆస్ట్రేలియాలో 2,000 కిలోల వరకే ఒప్పుకుంటారు. సమతల రోడ్ల మీద, అంటే బరంపురం నుంచి గోపాల్‌పూర్ వరకో, పర్లాకిమిడి నుంచి టెక్కలి మీదుగా శ్రీకాకుళం వరకో తిరిగేవారికి ఇది చాలు.

ఘాట్ రోడ్డులో దీని తీరు వేరు. మీరు రెండో గేరులో ఇంజిను పట్టు మీద జాగ్రత్తగా దిగుతున్నా, కారవాన్ మాత్రం పికప్‌ను వెనక నుంచి తోస్తూనే ఉంటుంది, అందువల్ల దాని బ్రేకులు దిగువ వరకు రాసుకుంటూనే ఉంటాయి. పికప్ డ్రైవరు బ్రేకు తొక్కకపోయినా కారవాన్ బ్రేకు డ్రమ్ములు కాలుతుంటాయన్న మాట. పట్టు సడలినప్పుడు హెచ్చరించే సాధనం క్యాబ్‌లో ఏదీ ఉండదు. రివర్సులో మరో చిక్కు ఉంది: ఎత్తు వైపుకు వెనక్కి నడిపితే కప్లింగు లోపలికి నొక్కుకుని బ్రేకులు పట్టేస్తాయి. తనంతట తాను విడిచిపెట్టే లైనర్ల ఏర్పాటు ఉన్న కారవాన్లలో ఈ బాధ ఉండదు కనుక కొనేటప్పుడు ఆ ఒక్క సంగతీ అడగాలి.

రెండోది విద్యుత్ బ్రేకు. కారవాన్ డ్రమ్ములలో విద్యుదయస్కాంతాలు ఉంటాయి. క్యాబ్‌లో డ్రైవరు చేతికి అందేచోట ఒక కంట్రోలరు ఉంటుంది. పికప్ ఎంత జోరుగా నెమ్మదిస్తే అంత కరెంటును అది పంపుతుంది. ఒక్కో చక్రానికి సుమారు 3 ఆంపియర్లు కావాలి కాబట్టి సన్నని లైటు వైరు సరిపోదు, ఎర్తింగు గట్టిగా ఉండాలి. మన వానాకాలపు బురదలో తుప్పు పట్టిన ఒక్క ఎర్త్ బోల్టు బ్రేకు బలాన్ని సగానికి దించగలదు. ఈ లోపాలు ఉన్నప్పటికీ ఘాట్ దిగేవారికి విద్యుత్ బ్రేకే మేలని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఇంజిను పట్టు మీద దిగుతున్నంతసేపు కారవాన్ బ్రేకులు విడిచి ఉంటాయి, చల్లారుతాయి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే, కావలసినంత మాత్రమే పట్టుకుంటాయి. అంతకంటే పెద్ద లాభం, పికప్ బ్రేకు ముట్టకుండా కారవాన్ ఒక్కదానికే బ్రేకు వేయగల చేతి మీట కంట్రోలరు మీద ఉండటం. దాని విలువ కారవాన్ ఊగడం మొదలైనప్పుడు తెలుస్తుంది.

కంట్రోలరు కొంటే సరిపోదు, అమర్చుకోవాలి కూడా. సామాను సర్దిన కారవాన్‌తో, జనసంచారం లేని సమతలమైన తారురోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతూ చేతి మీటను పూర్తిగా నొక్కాలి. కారవాన్ చక్రాలు బిగుసుకుని రోడ్డు మీద జారితే బలం ఎక్కువైనట్టు; జంట మొత్తం నిస్తేజంగా పోతూనే ఉంటే తక్కువైనట్టు. చక్రాలు బిగుసుకునే దశకు కాస్త ఇవతల ఆపాలి. కారవాన్ ఖాళీగా ఉన్నప్పుడు, నిండినప్పుడు ఈ అమరిక వేరుగా ఉంటుంది కనుక బరువు మారినప్పుడల్లా మళ్లీ చూసుకోవాలి. ఏ రకం బ్రేకు ఉన్నా, కప్లింగు ఊడిపోతే కారవాన్ బ్రేకులు వాటంతట అవే పట్టుకునే ఏర్పాటు ఉండాలి. ఆస్ట్రేలియాలో 2,000 కిలోలు దాటినవాటికి అది తప్పనిసరి, ఊడిన తరువాత కనీసం 15 నిమిషాలు బ్రేకు పట్టి ఉండాలని కూడా అక్కడి నియమం. కప్లింగు కింద రెండు గొలుసులను అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి వేయాలి. బాల్ నుంచి జారిన కారవాన్ ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మధ్య ఊయలలో పడినట్టు నిలుస్తుంది.

హుక్కు విషయంలో పోలిక అంత పొడవైనది కాదు. వెనక బంపరుకు బిగించిన హుక్కు కారవాన్‌కు పనికిరాదు. వెల్డింగు షాపులో ఛాసిస్‌కు నేరుగా వెల్డింగు చేయించిన హుక్కు బలంగా కనిపిస్తుంది గానీ, వెల్డింగు వేడికి ఆ చుట్టుపక్కల ఛాసిస్ ఉక్కు గుణమే మారుతుంది, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ బండి నమూనా కోసమే తయారై, ఛాసిస్‌లో కంపెనీ ఇచ్చిన రంధ్రాలకు బోల్టులతో బిగించి, లాగే పరిమితిని పలక మీద ముద్రించిన హుక్కునే ఎంచుకోవాలి. ట్రాక్టరు తొట్టికి వాడే పిన్ను, రింగు పద్ధతి చౌక అయినా, ఆ రెండింటి మధ్య ఖాళీ వల్ల ప్రతి గుంతలోనూ కారవాన్ ముందుకూ వెనక్కూ గుద్దుతుంది. బాల్ కొలత 50 మిల్లీమీటర్లా, రెండంగుళాలా అన్నది కూడా సరిచూడాలి. తేడా మిల్లీమీటరు లోపే అయినా, రెండంగుళాల బాల్ మీద 50 మిల్లీమీటర్ల కప్లింగు పూర్తిగా కూర్చోకపోవచ్చు, కూర్చోని కప్లింగు పైకి తాళం పడినట్టే కనిపిస్తుంది. తాళం వేశాక ముక్కు కింది జాకీని తిప్పి పైకెత్తి చూడాలి. పికప్ వెనక భాగం కూడా లేస్తేనే అది పట్టినట్టు.

కారవాన్ తగిలించగానే పికప్ వెనక కుంగుతుంది. మెకానిక్కు దగ్గరికి వెళితే సాధారణంగా వినిపించే సలహా, "కమాన్ పట్టీ ఇంకొకటి వేసేద్దాం సార్" అని. అదనపు స్ప్రింగు పట్టీ చౌక, నమ్మకమైనది, కానీ కారవాన్ లేని రోజుల్లో వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. గాలి బెలూన్లు వేస్తే కావలసినప్పుడు గాలి నింపుకోవచ్చు, అక్కరలేనప్పుడు తగ్గించుకోవచ్చు. చూడటానికి బండి చదునుగా నిలుస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. బెలూను వెనక భాగాన్ని లేపుతుందే తప్ప ముందు చక్రాలు పోగొట్టుకున్న ఆ 60 కిలోలను తిరిగి ఇవ్వదు. కమాన్ పట్టీ తన బరువును ఛాసిస్ మీద రెండు చివరల్లో పంచుతుంది, బెలూను మాత్రం ఒకే చోట పొడుస్తుంది. అధిక బరువుతో, గతుకుల రోడ్ల మీద పోయిన డబుల్ క్యాబ్ పికప్‌ల ఛాసిస్ క్యాబ్ వెనక వంగిపోయిన సందర్భాలు ఆస్ట్రేలియాలో బాగా చర్చకు వచ్చాయి. కుంగుదల సరిచేయడానికి బెలూను వాడవచ్చు గానీ, పరిమితి పెంచుకోవడానికి కాదు. ఏ స్ప్రింగు వేసినా కంపెనీ ఇచ్చిన మొత్తం బరువు పరిమితి పెరగదు.

ముందు చక్రాలకు బరువును నిజంగా తిరిగి ఇచ్చేది బరువు పంచే హుక్కు. బాల్ దగ్గర నుంచి కారవాన్ చట్రం వైపు సాగే రెండు స్ప్రింగు కడ్డీలు గొలుసులతో బిగుసుకుని, హుక్కు మీది బరువులో కొంత పికప్ ముందు యాక్సిల్‌కూ, కొంత కారవాన్ యాక్సిల్‌కూ నెడతాయి. జాతీయ రహదారి మీద ఇది చాలా బాగుంటుంది. లోతైన మిట్టపల్లాల దారిలో, వాగు దాటే చోట మాత్రం కడ్డీలు విప్పాలి, లేకపోతే అవే ఛాసిస్‌ను మెలిపెడతాయి. పైగా తోపుడు బ్రేకు కప్లింగుతో చాలావరకు ఇది కుదరదు. హుక్కు మీది బరువు 100 కిలోల లోపు ఉన్న చిన్న కారవాన్‌కు వీటిలో ఏదీ అక్కరలేదు, డాలాలోని సామానును యాక్సిల్‌కు ముందుకు జరిపితే చాలు.

గేరు పెట్టె సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎక్కుడు మీద ఆగి బయలుదేరవలసి వచ్చినప్పుడు మాన్యువల్ క్లచ్ కాలుతుంది, ఆటోమేటిక్‌లో ఆ బాధ లేదు. కానీ ఆటోమేటిక్ ఆయిల్ వేడెక్కుతుంది కనుక కూలరు ఉండాలి, దిగేటప్పుడు గేరును చేత్తో తగ్గించి పట్టుకోవాలి. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల పాత నియమం రెండింటికీ వర్తిస్తుంది. ఫోర్ వీల్ డ్రైవు ఉందన్న ధీమాతో పొడి తారురోడ్డు మీద దాన్ని వేసి హెయిర్‌పిన్ తిప్పకూడదు. హైలక్స్, వీ-క్రాస్ రెండింటిలోనూ ముందు వెనక యాక్సిళ్లను ఒకే వేగంతో కట్టిపడేసే రకమే ఉంది. మలుపులో అవి ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. బురదలో నుంచి, గడ్డి మైదానంలో నుంచి బయటపడటానికి మాత్రం అది చాలా విలువైనది. దేవమాలి శిఖరం దాకా కారవాన్‌ను ఈడ్చుకుపోవాలన్న ఆలోచన అయితే ఏ బండి ఉన్నా వద్దు, కింద నిలిపి ఖాళీ పికప్‌తో ఎక్కాలి.

సామాను సర్దడంలో తప్పు చేస్తే పైన చెప్పిన ఏ పరికరమూ కాపాడలేదు. బరువైనవన్నీ కారవాన్ యాక్సిల్ మీద గానీ, దానికి కాస్త ముందుగా గానీ, నేల దగ్గరగా ఉండాలి. వెనక భాగంలో సైకిళ్లు, జనరేటరు, అదనపు చక్రం తగిలిస్తే హుక్కు మీది బరువు తగ్గి, వేగం పెరిగేకొద్దీ కారవాన్ తోకలా ఊగడం మొదలుపెడుతుంది. పెద్ద బస్సు పక్క నుంచి దూసుకుపోయినప్పుడు ఈ ఊపు హఠాత్తుగా వస్తుంది. అప్పుడు పికప్ బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగుతో ఎదురు తిప్పకూడదు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు నెమ్మదిగా తీసి, స్టీరింగును నిటారుగా పట్టుకుని, విద్యుత్ బ్రేకు ఉంటే చేతి మీటతో కారవాన్‌ను మాత్రమే వెనక్కి లాగాలి. సంతరోజుల్లో రోడ్డు మీదికి మేకలూ మనుషులూ ఒక్కసారిగా వచ్చే మన ఊళ్ల మీదుగా పోయేటప్పుడు, రంగు వేయని స్పీడు బ్రేకర్ల దగ్గర, సగం వేగానికి ముందే దిగిపోవడం అలవాటు కావాలి. పొడవైన కారవాన్ల తోక ఆ బ్రేకరు దిగేచోట నేలకు తగులుతుంది.

కారవాన్ వెడల్పు పికప్‌ను మించితే అద్దాలకు పొడిగింపులు తప్పవు. కారవాన్ టైర్లు అరగకముందే ముసలివవుతాయి కనుక పక్కన ముద్రించిన నాలుగంకెల తేదీ, అంటే వారం, సంవత్సరం చూసి కొనాలి. కొత్త డీజిలు బండ్లలో ఆల్టర్నేటరు తన ఇష్టప్రకారం వోల్టేజీ తగ్గిస్తుంది కాబట్టి, కారవాన్ బ్యాటరీకి నేరుగా వైరు లాగడం కంటే వోల్టేజీని నిలకడగా ఉంచే డీసీ-డీసీ చార్జరు పెట్టించడం మంచిది.

కాగితాల విషయం కొనుగోలుకు ముందే తేల్చుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా రిజిస్ట్రేషన్ కావలసిన వాహనమే. 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్‌కు దాని సొంత నంబరు పక్క భాగంలోనూ, లాగే బండి నంబరు వెనక కూడా కనిపించాలి. షెడ్డులో తయారు చేయించిన కారవాన్ రోడ్డు మీదికి రావాలంటే ముందు రవాణా కార్యాలయంలో ఆమోదం, రిజిస్ట్రేషన్ అయ్యే దారి ఉందో లేదో తెలుసుకుని అడ్వాన్సు ఇవ్వాలి. పికప్ సొంత వాడకం కింద రిజిస్టరైందా, సరుకు రవాణా కింద అయిందా అన్నది ఒడిశా, ఆంధ్ర సరిహద్దు దాటేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న. బొలెరో క్యాంపర్ లాంటి బండ్లు సాధారణంగా రెండో కోవలోకి వస్తాయి. బీమా పాలసీలో కారవాన్ లాగడం గురించి స్పష్టంగా రాయించుకోవాలి, హుక్కు బిల్లునూ, తూకం చీటీలనూ ఆ కాగితాలతోపాటు బండిలోనే ఉంచుకోవాలి.